నెత్తురు చెప్పిన బిడ్డ

బర్మాలోని యాంగాన్‌లో, తాకేటా వంతెన దిగువన, టైర్ల కొట్టు నడుపుకునే దండాసికి పెళ్ళైన చాన్నాళ్ళకి బిడ్డ పుట్టబోతోంది. నెలలు నిండకముందే భార్య హైమకి కాళ్ళు వాచి, బీపీ ఎక్కడంతో దగ్గర్లోని నర్సింగ్ హోములో చేర్చాడు. బయట ఎడతెగని వాన. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దడదడలాడేది. వార్డంతా డీజిలు వాసన, తడిబట్టల వాసన.

అక్కడి డాక్టరమ్మ బర్మావిడ, నెమ్మదస్తురాలు. లోపల బిడ్డకి ఊపిరి అందకపోతే తల్లి నెత్తుట్లో ఒక గుర్తు పెరుగుతుందనీ, రోజూ నెత్తురు తీసి దాన్ని కనిపెట్టుకుని ఉండాలనీ దండాసికి ఓపిగ్గా చెప్పింది. ఒక సాయంత్రం ఆ గుర్తు ఒక్కసారిగా ఎగబాకింది. ఆలస్యం చెయ్యకుండా ఆపరేషను చేశారు.

ఆడపిల్ల. పుడుతూనే కేర్‌మంది. చిన్నదే అయినా ఎర్రగా, నిక్షేపంలా ఉంది. దండాసి గోడకి ఆనుకుని ఏడ్చేశాడు.

మర్నాడు హైమకి మళ్ళీ నెత్తురు తీశారు. బిడ్డ బయటపడ్డాక ఆ గుర్తు దిగిపోవాలి. దిగలేదు. సీసా మారిందేమోనని మరోసారి తీశారు. ఇంకా పెరిగింది. డాక్టరమ్మ స్కానింగు చేసి, గర్భసంచి ఖాళీగానే ఉందని చెప్పింది. చెబుతూనే తెరమీదనుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. ఈసారి జనరేటరు అందుకోలేదు. చీకట్లో హైమ చెయ్యి తడుముకుంటూ వచ్చి దండాసి మణికట్టు పట్టుకుంది.

"మావా... లోపల కొట్టుకుంటంది."

పాప ఉయ్యాల్లో ఉంది గదా అన్నాడతను.

"అది కాదు. ఇంకోటి. దానికి ఊపిరాడతన్నేదు."

అతని అరచేతిని పొట్టమీద పెట్టుకుంది. కట్టు కింద... మెత్తగా ఒక తన్ను. కాసేపటికి ఇంకోటి. నీరసంగా.

దండాసి పరుగున వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడా చెయ్యివేసి చూసింది. ఆవిడ చేతికీ తన్ను తగిలింది. కోసి తియ్యడానికి లోపల బిడ్డ లేదు. మందు వెయ్యడానికి జబ్బు లేదు. టార్చిలైటు వెలుగులో ఆ పొట్టకేసి చూస్తూ కూర్చున్నారు, అంతే. తన్నుకీ తన్నుకీ నడుమ ఎడం పెరిగింది... ఇంకా పెరిగింది...

"ఆగిపోనాది," అంది హైమ. ఏడవలేదు.

తెల్లారి తీసిన నెత్తుట్లో గుర్తు జాడే లేదు. గండం గడిచిందని నర్సు నవ్వుతూ చెప్పింది.

ఇంటికి పంపేముందు, పచ్చకామెర్లేమోనని పాప మడమ గుచ్చి నెత్తురు తీశారు. అలవాటు కొద్దీ నర్సు ఆ గుర్తు పరీక్ష కూడా రాసేసింది. మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోనొచ్చింది. డాక్టరమ్మ విని, దండాసిని వరండాలోకి పిలిచింది. విన్నది విన్నట్టు చెప్పింది. ఈ నెత్తురు ఏ తల్లిదని అడుగుతున్నారట. లోపలి బిడ్డకి ఊపిరి అందడం లేదు, తొందరగా బయటికి తియ్యమంటున్నారట.

అతను గదిలోకి వచ్చాడు. హైమ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాప ఉయ్యాల్లో ఆదమరిచి నిద్రపోతోంది, చిన్ని చేతులు రెండూ పొట్టమీద పెట్టుకుని.

దండాసి చూస్తుండగానే ఆ చేతులు ఒక్కసారి పైకి లేచాయి... కిందనుంచి ఎవరో తన్నినట్టు.