ఇనాయతుల్లా బిడ్డ

"పన్నెండింటికల్లా ఇనాయతుల్లాను అరెస్ట్ చెయ్. వాడి కొడుకును కూడా. పన్నెండు దాటితే లోకల్ పోలీసులను నేనే పంపిస్తా."

ఫోన్‌లో చీఫ్ మాటలకు గోవర్ధన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. జగిత్యాలలో లాడ్జి గది. సకల జనుల సమ్మెతో ఊరంతా బంద్. పదిహేనేళ్ళు దేశమంతా మారువేషాల్లో తిరిగిన ఏజెంట్‌ను సొంత గడ్డకు పంపి, చిన్నప్పుడు చేతికి గరుకు కాగితమిచ్చి పని నేర్పిన మనిషికే బేడీలు వెయ్యమంటున్నారు.

"సార్, ఆయనకు కొడుకు లేడు. అసలు పిల్లలే లేరు. పాతకాలం తెరచాప ఓడలకు మోడల్స్ కడతాడు, అంతే."

"ఆపరేషన్ లంగర్ ఫైల్ చదవలేదా? నేవీ రాడార్ డ్రాయింగ్స్ ఒక మెమరీ కార్డులో కోరుట్ల దాకా వచ్చాయి. విదేశీ ముఠా మనిషి ఈ సాయంత్రం నిజామాబాద్‌లో అందుకుంటాడు. మన ఏజెంట్ భవ్య ముంబై మ్యూజియం ఆఫీసర్ వేషంలో నెల రోజులుగా ఆ దుకాణానికి పోతోంది. ముసలాడు ఫోన్‌లో కొడుకును పంపిస్తున్నానని అంటుంటే చెవులారా వింది."

"ఆమెకు ఇక్కడి మాట తెలుసా సార్?"

"చందుర్తిలో పుట్టిన పిల్ల. మీ యాస నీకంటే బాగా మాట్లాడుతుంది." మద్రాసులో పెరిగిన చీఫ్ గర్వంగా అన్నాడు. "పెన్ కెమెరా, పెట్టుడు గడ్డం అన్నీ ఉన్నాయిగా?"

అన్నీ ఉన్నాయి. బుర్ర ఒక్కటే ఢిల్లీలో స్టాక్ లేదు. గోవర్ధన్ పళ్ళు నూరుకుంటూ బంకతో గడ్డం అంటించుకున్నాడు. లుంగీ కట్టి, బైకు వెనక దారం ఉండల మూట వేసి సిరిసిల్ల వ్యాపారి అయిపోయాడు. బస్సులు లేని రోడ్డు మీద అరగంటలో కోరుట్ల చేరాడు.

"దారం! సిరిసిల్ల దారం!"

దుకాణంలోంచి ఇనాయతుల్లా కళ్ళద్దాల మీదుగా చూశాడు. డెబ్బై ఏళ్ళు. సముద్రాన్ని కళ్ళారా చూసింది లేదు కానీ, ఏ ఓడకు ఎన్ని తాళ్ళో నిద్రలో అడిగినా చెబుతాడు.

"గోవర్ధన్, గా గడ్డం పీకెయ్ రా. గోందు కారుతున్నది."

కోటి రూపాయల ట్రైనింగ్ గుమ్మంలోనే పోయింది. గోవర్ధన్ గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. లోపల బల్ల ఖాళీగా ఉంది. టేకు పొట్టు, నూలు ముక్కలు, మైనం ముద్ద.

"ఏమైంది చాచా? ఇంట్ల ఎవలు లేనట్టు కూసున్నవ్?"

"ట్రింకోమలీ పోయింది రా. రెండొందల ఏండ్ల కింద బొంబాయిల టేకుతోని కట్టిన ఓడ. నేను గూడ టేకుతోనే కట్టిన. అసలు ఓడల తొంభై ఆరో వంతు సైజు. మూడేండ్లు వట్టింది. మ్యూజియం మేడం ఇప్పుడే కారుల తీస్కపోయింది." ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మొన్న సిరిసిల్ల శంకరయ్యకు ఫోన్ చేసి చెప్తి. దారం జల్ది పంపు, బిడ్డను సాగదోలాలె అని."

గోవర్ధన్ ఉలిక్కిపడ్డాడు. బిడ్డను సాగదోలడం అంటే కూతురిని అత్తగారింటికి పంపడం. చాచాకు ఆ కూతురు ఓడే. ఇక్కడ బిడ్డంటే కూతురే. కొడుకును ఎవరూ బిడ్డ అనరు. ఆ మాట విని రిపోర్టులో కొడుకని రాసిన మనిషి చందుర్తిలో పుట్టలేదు. చందుర్తి మీదుగా బస్సులో కూడా పోయి ఉండదు.

"గామె ఓడను ముట్టిందా చాచా?"

"డెక్కు మీద బోర్లించే చిన్న పడవను దారంతోని తానే కడ్తనన్నది. నేను నమాజుకు పోయొచ్చేవరకు కట్టేసింది. మంచిగనే కట్టింది గని, దారం మెరుస్తున్నది. మైనం రాసిన సిరిసిల్ల నూలు మెరుస్తదా? మారుస్తనంటె వద్దన్నది."

గోవర్ధన్‌కు ఒళ్ళు మండిపోయింది. దొంగసొత్తు ముసలాయన ఓడలోనే పెట్టి, దొంగతనం ముసలాయన నెత్తినే రుద్దింది. చీఫ్ నంబర్ కొట్టాడు. మీటింగ్‌లో ఉన్నారట. టైమ్ పదకొండు నలభై. బైకు నిజామాబాద్ పోయే మెట్‌పల్లి రోడ్డు పట్టింది.

ఊరి చివర హైవే మధ్యలో వంటావార్పు. ఇటుకల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజుల్లో పప్పు ఉడుకుతోంది. అడ్డంగా జెండాలు, నినాదాలు. జనం ముందు తెల్ల కారు ఆగి ఉంది. పట్టుచీర, నల్లద్దాలతో భవ్య దిగింది. వెనక సీట్లో గాజుపెట్టె, అందులో ట్రింకోమలీ.

గోవర్ధన్ జనంలో ఇరుక్కుపోయాడు. ఇంకా పది అడుగులు. సమ్మె మధ్యలో ఢిల్లీ ఐడీ కార్డు తీస్తే ముందు తననే ఆ పప్పులో ముంచుతారు.

"అవ్వా, జర తోవ ఇయ్యున్రి. దవఖానకు పోవాలె." భవ్య యాసలో అక్షరం తప్పు లేదు.

గంజు దగ్గరున్న సత్యవ్వ మనసు కరిగింది. "ఎవలికి బాగలేదు బిడ్డా?"

"నా బిడ్డకు అవ్వా. నిజామాబాద్ దవఖానల ఉన్నడు. ఏడేండ్ల పోరడు."

జనం జెండాలు పక్కకు జరిపారు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. భవ్య కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగున్రి!" సత్యవ్వ గంటె పైకెత్తింది. "పోరడు బిడ్డెట్లయితడే? కన్నతల్లికి కొడుకో బిడ్డో ఎరుక లేదా? ఏ ఊరు నీది?"

"చందుర్తి."

"నాదీ చందుర్తే. ఎవలింటిదానివి?"

భవ్య చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయి పిస్టల్‌తో బయటికొచ్చింది. గోవర్ధన్ దూకేలోపే సత్యవ్వ కాలే గంటె ఆ మణికట్టు మీద పడింది. పిస్టల్ పప్పులో మునిగింది.

గోవర్ధన్ గాజుపెట్టె తెరిచాడు. మట్టిరంగు తాళ్ళ మధ్య ఒక్క నైలాన్ దారం తళతళలాడుతోంది. కోశాడు. చిన్న పడవ కింద గోరంత మెమరీ కార్డు.

"బిడ్డ అంటే చైల్డ్ అనే కదా నేర్పారు," భవ్య గొణిగింది. ఆ గొణుగుడులో ఏ యాసా లేదు.

పదకొండు యాభై తొమ్మిదికి చీఫ్ లైన్లోకి వచ్చాడు. గోవర్ధన్ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆ తర్వాత చీఫ్‌తో ఏనాడూ మాట్లాడని యాసలో అరిచాడు.

"పోలీసులను ఆపున్రి సార్! చాచా గుమ్మం తొక్కితె నేను గీ సమ్మెలనే కూసుంట. తప్పయిందని ఆయనకు కాయితం రాసియ్యున్రి. తెలుగుల!"

"ఓకే, ఓకే, కూల్ డౌన్. ఆపేస్తున్నా." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆ బిడ్డ దొరికాడా, లేదా?"

గోవర్ధన్ గాజుపెట్టెను రెండు చేతులా ఒళ్ళోకి తీసుకున్నాడు.

"దొరికింది సార్. పుట్టింటికి తోల్కపోతున్న."