వెనకగదిలో 'చాలు' అన్నదెవరు?

ఆ సినిమా ఆఫీసులో వెనకగదికి చెడ్డపేరు ఉంది.

మెట్ల కింద నుంచి వంగి వెళ్ళాలి. కిటికీ లేదు. గోడల నిండా పాత బొంతలు, వాటి మీద గుడ్ల అట్టలు. లోపలి చప్పుడు బయటికి, బయటి చప్పుడు లోపలికి రాకుండా అతికించినవి. తలుపు మూస్తే మన గుండె మనకే వినపడుతుంది. పగలు అక్కడ సినిమాలకు సౌండు పని జరుగుతుంది. రాత్రి... రాత్రి కూడా పనే జరుగుతుంది. స్వతంత్ర సినిమాకు స్వాతంత్ర్యం ఉంటుంది గానీ, దాన్ని తీసేవాళ్ళకు నిద్ర ఉండదు కదా.

అయితే రాత్రిపూట అక్కడ ఒంటరిగా కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు, సినిమాలో ఎవరూ మాట్లాడని చోట, ఎవరో ఒకే ఒక్క మాట గుసగుసగా అంటారట.

"చాలు..."

మొదట విన్నది ఎడిటరు. అతన్ని అందరూ కత్తెర అంటారు. ఆ రాత్రి చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీదికి వచ్చాడట. ఆ తర్వాత కథలకు కొదవేముంది? వెనకటికి ఆ గదిలో డబ్బింగు చెప్పే ఒకావిడ ఉండేదనీ, ఒకే ఏడుపును తెల్లారేదాకా ఏడిపిస్తే అక్కడే ప్రాణం పోయిందనీ ఒకరన్నారు. కాదు, మిషను మీదే తల వాల్చేసిన దర్జీ అని ఇంకొకరు. ఇంటి ఓనరుని అడిగితే, ఆ గదిలో పాత మంచాలు తప్ప ఎవరూ ఉండలేదన్నాడు. ఆ ఒక్క మాటే ఎవరూ నమ్మలేదు.

దెయ్యం వచ్చిందని సంతోషించినవాడు ఒకడున్నాడు. డైరెక్టరు.

ఆయన్ని సార్ అనకూడదు. అక్కడ పెద్దా చిన్నా తేడా లేదు, అందరూ సమానమే. అందుకని అందరూ ఆయన్ని అన్నా అని తీరాలి. కంపెనీ అని కూడా అనకూడదు, సమష్టి అనాలి. ముందుగది గోడ మీద 'శ్రమకు చెమటే సంతకం' అని ఎర్రరంగుతో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రాసింది కత్తెర. కింద సంతకం పెట్టుకోబోతే అన్న వద్దన్నాడు.

ఆయనకు రెండు అలవాట్లు. ఏదైనా చెప్పబోయే ముందు ఖుఁ ఖుఁ అని రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. షాటు ఎంత బాగా వచ్చినా "ఇంకోసారి" అంటాడు. దెయ్యం సంగతి చెప్పినప్పుడు కూడా ముందు గొంతు సవరించుకుని, అది దెయ్యం కాదు, చరిత్ర అణగదొక్కిన గొంతు అన్నాడు. అని, సినిమా ప్రచారానికి పనికొస్తుంది, నలుగురికీ చెప్పండి అన్నాడు.

అణగదొక్కిన గొంతుతో రాత్రుళ్ళు కూర్చోవలసింది మాత్రం ఆయన కాదు. చెవులమ్మ.

చెవులమ్మ సౌండు చూసే పిల్ల. షూటింగులో పొడుగాటి కర్రకు మైకు కట్టి నటుల నెత్తి మీద పట్టుకునేది తనే. ఇక్కడికొచ్చి ఆ మాటల్ని కడిగి, తుడిచి, అతికేది తనే. వేరేచోట నలుగురు చేసే పని. ఇక్కడ సమానత్వం కదా, నలుగురి పనినీ సమానంగా ఆమె ఒక్కదానికే పంచారు. ఏడాదిన్నరగా ఆ కర్ర మోసి మోసి కుడి భుజం పాడైపోయింది.

ఆ పనిలో ఒక ఆచారం ఉంది. సీను అయిపోగానే అందరూ ఉన్నచోటే బొమ్మల్లా నిలబడాలి. అప్పుడు ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. వంటింటిది వేరు, ఆసుపత్రి వరండాది వేరు. తర్వాత మాటల మధ్య ఖాళీల్లో ఆ నిశ్శబ్దాన్నే పరుస్తారు, లేకపోతే అతుకులు తెలిసిపోతాయి. "గది మాట్లాడుతోంది, మీరు ఊరుకోండి," అనేది చెవులమ్మ. అన్న నోరు సైతం మూయించగలిగే సమయం రోజు మొత్తంలో అదొక్కటే.

షూటింగు మొత్తంలో ఆమె రానిది ఒక్కరోజు. గోడౌనులో హీరో ప్రసంగం తీసిన రోజు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ రోజు మైకు కర్ర అన్నే పట్టుకున్నాడు. పట్టుకుని, ఫొటో తీయించుకుని, ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు — బరువు మోసే దర్శకుడు. చెవులమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఫ్రేములో పడకుండా నిలబడటమే కదా ఆమె ఉద్యోగం.

తెల్లవారితే సినిమా చిత్రోత్సవానికి వెళ్ళాలి. ఆ రాత్రి వెనకగదిలో ఆమె ఒక్కతే ఉంది.

తలుపు మూయబోతుంటే వాళ్ళక్క ఫోను. పిల్లల పాఠాలు రికార్డు చేసే చోట ఉద్యోగం చూసింది అక్క. వస్తుందో రాదో పొద్దున్నకల్లా చెప్పాలట.

"సాయంత్రం అయితే ఇంటికి పంపించేస్తారే, పిచ్చిమొహమా."

చూస్తానంది చెవులమ్మ. వచ్చే వారమే అన్న ఇంకో సినిమా మొదలుపెడుతున్నాడు. మానేస్తానని మాట వరసకు అన్నందుకే, నువ్వు ఎవరి పక్షాన ఉన్నట్టు అని అరగంట క్లాసు పీకాడు. పిల్లలకు ఎక్కాలు రికార్డు చేయడం ప్రజాద్రోహం ఎలా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు గానీ, పాపం చేసినట్టు మాత్రం అనిపించింది. ఉండాలా... పోవాలా? ఎటూ తేల్చుకోలేకుండా ఉంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వంటింటి సీను. తల్లీ కొడుకూ మాట్లాడుకోకుండా కూర్చునే చోట వంటింటి నిశ్శబ్దం పరిచింది.

"చాలు..."

ఆ మాట వెనకే — టక్. గడియ తీసినట్టు.

ఇన్నాళ్ళూ ఆ మాట వినపడితే కళ్ళు మూసుకుని ఆ ముక్క కోసేసి పారిపోయేది. ఈ రాత్రి కోసేసిన చోట పరవడానికి వంటింటి నిశ్శబ్దం వేరే ముక్క లేదు. వాల్యూమ్ పెంచింది. ఆడగొంతు... అలసిపోయిన గొంతు.

ఆసుపత్రి వరండా నిశ్శబ్దం తెరిచింది. వేరే ఊరు, వేరే రోజు.

"చాలు..." టక్.

డాబా మీద తీసింది తెరిచింది. ఆగిన రైలుపెట్టెలో తీసింది తెరిచింది. అదే గొంతు. అదే టక్.

అప్పుడు తెలిసింది ఆమెకు. దెయ్యం ఈ గదిలో లేదు. ప్రతి షూటింగుకూ వాళ్ళతో పాటు వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడినప్పుడల్లా... వాళ్ళ మధ్యనే నిలబడింది.

హెడ్‌ఫోన్లు లాగేసింది. గది చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. మెల్లిగా కుర్చీలోంచి లేవబోయింది —

టక్.

హెడ్‌ఫోన్లలో కాదు. చెవి పక్కనే.

ఎంతసేపటికో ధైర్యం కూడగట్టుకుని, మెడ తిప్పకుండా, కుడి భుజం కొంచెం పైకెత్తింది. టక్. దించింది. టక్.

కర్ర మోసి మోసి పాడైన తన భుజమే. మైకుకు అందరికన్నా దగ్గరగా నిలబడేది తనే. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించి, ఆ నిశ్శబ్దంలో తనకే తెలియకుండా ఆ మాట అంటున్నదీ తనే.

నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అణగదొక్కిన గొంతని అన్న చెప్పింది అక్షరాలా నిజం. దానికోసం చరిత్ర అంతా వెతకనక్కర్లేదు, మెట్ల కింద వంగి చూస్తే కనపడుతుంది.

ఫోను తీసి 'వస్తానని చెప్పక్కా' అని కొట్టింది. పంపబోయి ఆగింది. చివరి సీను మిగిలింది. అదొక్కటీ ముగించి పంపుదాం అనుకుంది. గోడౌనులో హీరో ప్రసంగం, మేము అలసిపోము, ఆగిపోము అని. అది అయ్యాక పిడికిలి బిగించి నిలబడతాడు. అక్కడ గోడౌను నిశ్శబ్దం పరవాలి. ఆ రోజు తను లేదు. అది శుభ్రంగానే ఉంటుంది.

తెరిచింది.

"చాలు..."

టక్ లేదు. ఆడగొంతు కాదు. మగగొంతు... ఆ తర్వాత చిన్నగా, రెండుసార్లు, ఖుఁ ఖుఁ.

వెనకాల తలుపు కిర్రుమంది.

అన్న. పని ఎంతవరకొచ్చిందో చూద్దామని వచ్చాడు. ఆమె మొహం చూసి నవ్వాడు.

"ఏం చెల్లీ, వచ్చిందా మన దెయ్యం?"

ఆమె హెడ్‌ఫోన్లు ఆయన చేతికిచ్చింది. పెట్టుకున్నాడు. మీట నొక్కింది.

"మగాడు," అన్నాడు కుతూహలంగా. "ఎవడు వీడు? మనలో ఇంత అలసిపోయినవాడు ఎవడున్నాడు?"

చెవులమ్మ వాల్యూమ్ ఇంకొంచెం పెంచింది.

"ఇంకోసారి," అన్నాడు.

వేసింది.

"ఇంకోసారి."

ఈసారి నవ్వు లేదు. ఏదో చెప్పబోయి, అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు. అదే క్షణంలో హెడ్‌ఫోన్లలో కూడా ఎవరో సవరించుకున్నారు. ఖుఁ ఖుఁ. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చాలాసేపు ఆ గదిలో గది తప్ప ఎవరూ మాట్లాడలేదు.

"తీసెయ్యాలో ఉంచాలో మీరే చూసుకోండన్నా," అంది మెల్లిగా. "మిగతా పని అయిపోయింది."

సంచీ భుజాన వేసుకుంది. అక్కకు రాసింది పంపేసింది. తలుపు మూస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

ఆయన తనంతట తనే మీట నొక్కి మళ్ళీ వింటున్నాడు. హెడ్‌ఫోన్ల మధ్య తల వాలిపోయి ఉంది. పెదవులు కదులుతున్నాయి... ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ.

గుడ్ల అట్టలు దాన్ని బయటికి రానివ్వలేదు.