పాత బట్టీలో దగ్గు

అమెరికాలోని యాకిమా లోయలో దెమారే వాళ్ల పాత బట్టీ వైపు చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు. బీరులో చేదు కోసం వేసే హాప్స్ కాయలు ఎండబెట్టడానికి ఎప్పుడో కట్టిన చెక్క మేడ అది. వేడి కాయల కుప్పలో కూరుకుపోయి, ఊపిరాడక ఒక పనివాడు చచ్చాడనీ, కోతల రోజుల్లో వాడి దగ్గు వినిపిస్తుందనీ అంటారు.

నేను దెమారే వాళ్ల హాప్స్ తోటకి లారీ తోలేవాణ్ణి. ఇది తోట యజమాని ఆర్మాండ్ అక్క కొరిన్ నాకు స్వయంగా చెప్పింది. చెబుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉంది.

ఏటా కోతలకి తమ్ముడు ఆర్మాండ్ ఇంటికి వచ్చి నాలుగు రోజులు వంట చేసిపెట్టడం ఆవిడకి అలవాటు. ఆ రాత్రి కొత్త బట్టీలో మంట చూసుకునే మనిషికి సూప్ ఇచ్చి, అడ్డదారిన తిరిగొస్తోంది. హాప్స్ తీగలు కోసేసిన వరసల మీద, అవి పాకిన వైర్లు ఉత్తగా మిగిలి గాలికి రొద పెడుతున్నాయి.

ఖళ్... ఖళ్...

కొరిన్ ఆగింది. "మేరీమాతా..." అంటూ సిలువ గుర్తు వేసుకుంది.

మళ్లీ — ఖళ్... ఖళ్... చివర్న సన్నటి ఏడుపు.

చచ్చినవాడు ఆరడుగుల మనిషని తమ్ముడే చెప్పాడు. ఇది పసిబిడ్డ దగ్గు!

తలుపు దగ్గరికి వెళ్లింది. తాళం... కొత్తది, తళతళలాడుతోంది.

దెయ్యానికి తాళమెందుకు?

"ఎవరు లోపల?"

గోడ చెక్కపలకల సందులోంచి ఒక ఆడగొంతు — "మెల్లిగా మాట్లాడమ్మా... అయ్యగారు వింటారు."

కొరిన్ షెడ్డులోంచి గడ్డపార తెచ్చింది. రెండు దెబ్బలకి తాళం ఊడిపడింది. సెల్‌ఫోన్ వెలుగులో చాపలు, మనుషులు, ఒకరి పక్కన ఒకరు. కోతలకి మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. మూలన గ్యాసు పొయ్యి. పలకల నిండా ఎండిన హాప్స్ పొడి... ఒక్క నిప్పురవ్వ చాలు, భగ్గుమనడానికి.

చప్పుడు విని ఆర్మాండ్ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! పిచ్చెక్కిందా నీకు?"

"తాళం ఎవడేశాడ్రా?"

"వెయ్యకపోతే రాత్రికి రాత్రి పక్క తోటకి ఉడాయిస్తారు. కోత మధ్యలో మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేను?"

"మరి ఆ చచ్చినవాడు? ఆ దెయ్యం?"

వాడు నేల చూపులు చూశాడు. "ఎవరూ ఇటు రాకూడదని... నేనే పుట్టించాను. ఇందులో ఎవడూ చావలేదక్కా."

"అవున్రా! ఇంకా చావలేదు!"

ఇందాక సందులోంచి మాట్లాడిన ఆడమనిషి, యూలాలియా, దగ్గుతున్న తన బిడ్డని ఎత్తుకుని లోపలి నుంచి వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. కొరిన్ తన కోటు విప్పి బిడ్డకి చుట్టి, ఫోన్ తీసింది.

"అక్కా... వద్దు. తోట పోతుంది. నాన్న తోట!"

ఆవిడ నంబరు నొక్కింది.

పోలీసు బండి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. చేతిలో గడ్డపార అలాగే ఉంది. తమ్ముడు బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు.

బండి దిగిన పోలీసు అడిగాడు — "ఫిర్యాదు చేసింది ఎవరు?"

"నేను," అంది కొరిన్. "వీడి అక్కని."