ఎత్తుకోండి సార్

హిమజ మొదటిసారి ఆ గోల్ఫ్ రేంజ్‌లో అడుగుపెట్టినప్పుడు ఆమె కుడిచేతిలో ఒక తెల్ల బంతి, ఎడమచేతిలో తల లేని పింగాణీ నెమలి ఉన్నాయి.

"యుగంధర్ అంటే ఎవరండీ?"

యాప్రాల్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల వెనక ఇంకా ఎవరి కన్నూ పడని ఖాళీ జాగాలో ఉంది బంతులు కొట్టి ఆట నేర్చుకునే ఆ రేంజ్. అక్కడ కోచ్ యుగంధర్. ఆ శనివారం పొద్దున ఒక బ్యాంకు మేనేజరుకు నడుము ఎలా తిప్పాలో చూపిస్తున్నాడు. తిప్పిన నడుముతోనే వెనక్కి చూశాడు. చూసి, మళ్లీ ముందుకు తిరగడం మరిచిపోయాడు.

"నేనేనండీ."

"ఇవి మీయేనా?"

"బంతి మాదే. నెమలి మాది కాదు."

హిమజ నవ్వలేదు. "మా నాన్న పురుషోత్తం. రైల్వేల రిటైరయినంక మీ దగ్గర చేరిండు. మొన్న హాల్ల మీరు చెప్పిన స్వింగ్ చేసిండు. షోకేస్ అద్దం పోయింది, దీని తల పోయింది. అప్పటిసంది మా అమ్మ ఆయనతోని మాట్లాడ్తలేదు."

"ఇంట్ల ఉత్త స్వింగ్ చెయ్యమన్న గానీ, బంతి పెట్టి కొట్టమన్లేదండీ."

"రోజూ చెయ్యకుంటే ఆట రాదన్నది మీరే గదా. ఆయనకిప్పుడు మీ మాటే వేదం."

పార్కింగులో కారు వెనక నిలబడ్డ పురుషోత్తం ఒకసారి తల బయటపెట్టి, పరిస్థితి చూసి మళ్లీ దాచుకున్నాడు.

యుగంధర్ ఆమెకు బంతి కొట్టే క్లబ్ ఒకటి అందించాడు. "ఒక్కటి కొట్టి చూడండి. తప్పు మీ నాన్నదో బంతిదో తెలుస్తది."

మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది గడ్డికి తగిలింది. బ్యాంకు మేనేజరు దగ్గు వంకతో నవ్వు దాచుకున్నాడు. మూడోసారి బంతి ఠక్కుమని లేచి వెళ్లిపోయింది. అది ఎక్కడ పడిందోనని హిమజ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అలా చూస్తూనే ఉంది. తగాదాకు వచ్చిన సంగతి ఆమెకు గుర్తులేదని యుగంధర్‌కు అర్థమైంది.

"ఇంకోటి పెట్టండి" అంది.

ఆ తర్వాత ప్రతి శనివారం తండ్రిని తీసుకుని రావడం మొదలుపెట్టింది. మెట్టుగూడలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు ఆమె. "నాన్న నడుము పట్టేస్తే చూసుకోవాల్సింది నేనే గదా, అందుకని వస్తున్న" అని అడగని వాళ్లకు కూడా చెప్పేది.

యుగంధర్ మంచి గురువు. టీవీలో పెద్ద టోర్నమెంట్ వచ్చిన మర్నాడు శిష్యులందరూ ఒకే కోరికతో వస్తారు: దూరం కొట్టడం నేర్పమని. అతని జవాబూ ఒకటే.

"దూరం కొడితే చప్పట్లొస్తయ్ సార్. కప్పు మాత్రం గుంట పక్కన ఉండే ఆఖరి నాలుగడుగులల్లనే దొరుకుతది. ఇంకో మాట. ప్రొఫెషనల్స్ సుత చెడగొడ్తరు. కానీ చెడ్డ దెబ్బను ఆడ్నే ఇడిసిపెట్టి ముందుకు నడుస్తరు. మనం దాన్ని ఇంటిదాక మోసుకపోతం."

"మీరు మొయ్యరా?" అని హిమజ ఒకసారి అడిగింది.

"నేను కోచ్‌ను. సంచులు మోసేటోణ్ణి" అని నవ్వి తప్పించుకున్నాడు.

స్నేహంగా ఆడే గోల్ఫులో ఒక మర్యాద ఉంది. బంతి గుంటకు బాగా దగ్గర్లో ఆగితే, ఎలాగూ పడుతుందిలే అని ఎదుటివాడు ఆ చివరి దెబ్బ మాఫీ చేస్తాడు. ఆడేవాడు బంతిని చేత్తో ఎత్తుకుని ముందుకు వెళ్లిపోతాడు. రేంజ్ పక్కన గుంట తవ్విన చిన్న పచ్చిక గ్రీన్ మీద ఈ మర్యాద చూపడంలో యుగంధర్‌ను మించినవాడు లేడు. శిష్యుల బంతి రెండడుగుల దూరంలో ఆగిందంటే చాలు, "ఎత్తుకోండి సార్, అయిపోయింది" అనేవాడు. తన బంతినైతే ఎవరూ ఆ మాట అనకముందే ఎత్తేసేవాడు.

అందరూ దాన్ని మంచితనం అనుకున్నారు. హిమజ మాత్రం అతని చేతుల్ని చూసింది.

ఆగస్టులో ఒకరోజు వాన దంచి కొడితే ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి చేరారు. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చెయ్యి రేకుల మధ్య కారే ధారకు అడ్డం పెట్టి నిలబడ్డారు.

"ఒకటడుగుత, ఏమనుకోవద్దు" అంది హిమజ. "దూరం నుంచి కొట్టేటప్పుడు మీ చేతులు మస్తు తేలిగ్గుంటయ్. గుంట దగ్గరికొస్తే కుడి మణికట్టు బిగుసుకపోతది. ఏమైనా నొప్పా?"

"ఆ, పాత భుజం నొప్పి."

"నా ముందట నొప్పుల గురించి అబద్ధం చెప్పకండి. నా కొలువే అది."

ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాలనిపించింది యుగంధర్‌కు.

"ప్రొఫెషనల్‌గా ఆడనిచ్చే కార్డు కోసం క్వాలిఫయింగ్ టోర్నమెంట్ ఆడిన. ఆఖరి గుంట. రెండడుగులే ఉంది. చిన్న పిల్లలు సుత ఏస్తరు. నేను కొట్టంగనే బంతి అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చింది. ఒక్క దెబ్బతోని కార్డు పోయింది. ఇంట్ల, దోస్తులకు భుజం నొప్పని చెప్పి ఆడుడే బంద్ చేసిన."

హిమజ అయ్యో అనలేదు. ధైర్యమూ చెప్పలేదు. వాన ధారకు అడ్డం పెట్టిన చెయ్యి కాస్త జరిపి అతని గ్లాసు మీద పెట్టింది, నీళ్లు పడకుండా. అంతే. యుగంధర్ ప్రేమలో పడ్డాడు. అంతకుముందే పడ్డాడేమో, తెలిసింది మాత్రం అప్పుడే.

తెలిసి ఏం లాభం? సెప్టెంబర్లో ఒకరోజు బంతుల బుట్ట కింద పెడుతూ హిమజ అంది: "కాప్రా నుంచి సంబంధమొచ్చింది. వచ్చే ఆదివారం చూడనీకొస్తరట."

అని అతని మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది.

మణికట్టు చూసి మనసు చెప్పే మనిషికి నేను వేరే చెప్పేదేముంది, ఇష్టముంటే ఆమే ఆగిపోతుంది కదా అనుకున్నాడు యుగంధర్. "మంచిదే గదా. ఆల్ ద బెస్ట్" అన్నాడు.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తనే వెళ్లి కుడితి తొట్టిలో పడిందట. చివరి నాలుగడుగుల గురించి అంత ఉపన్యాసం ఇచ్చే మనిషి ఆ పొద్దున చేసింది ఇదీ.

పెళ్లిచూపులకు ముందురోజు శనివారమే సీనియర్స్ కప్. పురుషోత్తానికి అది మొదటి టోర్నమెంట్. భార్య విమలమ్మ కూడా మెత్తబడి ఆయన చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. ఆయన అద్భుతంగా ఆడాడు. ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి అందరికంటే ముందున్నాడు. బంతి గుంటకు రెండడుగుల దూరంలో ఆగింది.

పురుషోత్తం హాయిగా నవ్వాడు. వంగి, బంతిని ఎత్తి జేబులో వేసుకున్నాడు. పక్కవాళ్లకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. సంతకం పెట్టిన స్కోరుకార్డు ఇవ్వడానికి నిర్వాహకుల టేబుల్ వైపు నడిచాడు.

దూరంగా తాడు అవతల నిలబడ్డ యుగంధర్ అది చూశాడు. టోర్నమెంటులో ఆ మర్యాద ఉండదు. ప్రతి బంతీ గుంటలో పడి తీరాలి. కార్డు ఇవ్వకముందే చెప్పాలని పరుగెత్తాడు గానీ, అతను టేబుల్ దగ్గరికి చేరేలోపే పురుషోత్తం కార్డు ఇచ్చేశాడు. ఆయన్ను పోటీ నుంచి తప్పించారు.

"అలవాటుల పొరపాటు" అన్నాడు పురుషోత్తం. అందరితో నవ్వుతూనే మాట్లాడి, కారెక్కి కూర్చుని కిటికీ అద్దం పైకి ఎత్తేశాడు.

హిమజ పార్కింగులో యుగంధర్‌ను ఆపింది. సన్నగా వాన పడుతోంది.

"ఎత్తుకోండి సార్, ఎత్తుకోండి సార్. మీరు నేర్పిందే చేసిండు మా నాన్న."

"నాదే తప్పు. దగ్గరి బంతి ఎవలైనా తప్పుతుంటే నేను చూడలేను. వాళ్లకా తక్లీఫ్ వద్దనుకున్న."

"వాళ్లకు కాదు, మీకొద్దనుకున్నరు." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "పోయిన వారం నేను కాప్రా సంబంధం గురించి చెప్పిన. మీరు ఆల్ ద బెస్ట్ అన్నరు. అది సుత ఎత్తుకొని జేబుల ఏసుకున్నరు గదా?"

యుగంధర్ చూపు కారు వైపు తిప్పాడు.

"మీ మనసుల ఏముందో నాకు తెలుసని మీకు తెలుసు. అయినా నేను ఇనాలె. తెలిసినా ఇనాలె" అని కారెక్కింది.

ఆదివారం పొద్దున మౌలాలిలో వాళ్ల ఇంటి బెల్లు మోగింది. కాప్రా వాళ్లు రావాల్సింది మధ్యాహ్నం. తలుపు తీసిన విమలమ్మకు గుమ్మంలో తడిసిన షూతో కోచ్ కనబడ్డాడు.

హాల్లో షోకేసుకు అద్దం బదులు అట్ట బిగించి ఉంది. పురుషోత్తం కార్పెట్ మీద స్టీలు గ్లాసును పక్కకు పడుకోబెట్టి, దాంట్లోకి బంతి కొట్టడం ప్రాక్టీస్ చేస్తున్నాడు. నిన్నటి కోపం నిన్నటితోనే పోయినట్టుంది.

"రండి కోచ్ సాబ్. ఇగ జిందగీల బంతి ఎత్తుకోను."

"సార్, నిన్న జరిగిన దానికి మాఫీ అడగనీకొచ్చిన. ఇంకో మాట సుత ఉంది."

లోపలి గది తలుపు దగ్గర హిమజ వచ్చి నిలబడింది. ఇంకా నలిగిన చుడీదారులోనే ఉంది. గ్లాసు వైపు చూసింది, అతని చేతుల వైపు చూసింది.

"ముందుగాల అది కొట్టండి" అంది. "రెండడుగులే."

యుగంధర్ క్లబ్ అందుకున్నాడు. మణికట్టు బిగుసుకుంది. కొట్టాడు. బంతి గ్లాసు అంచుకు తగిలి పక్కకు పోయి సోఫా కిందికి దూరింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ పర్వాలేదు అనలేదు. తప్పింది, అయినా ఇల్లు ఇంటిలాగే ఉంది, హిమజ తలుపు దగ్గరే ఉంది. అన్నేళ్లుగా దేనికి భయపడ్డాడో అది ఇంతేనా అనిపించింది యుగంధర్‌కు. తల ఎత్తాడు.

"హిమజా, నువ్వంటే నాకిష్టం. షెడ్డు కింద నా గ్లాసు మీద చెయ్యి పెట్టినప్పటిసంది ఇష్టం. పోయిన వారం ఆల్ ద బెస్ట్ అన్నది అబద్ధం. ఆంటీ, సార్, ఆమెకు ఇష్టమైతే పెళ్లి చేసుకుంట. కోచ్‌గా నాకొచ్చేది తక్కువే. నవంబర్ల క్వాలిఫయింగ్ ఉంది, మళ్లా ఆడుత. అక్కడ సుత తప్పొచ్చు. తప్పినా ఇడిసిపెట్టి పారిపోను."

మొదట తేరుకున్నది విమలమ్మ.

"ఏందే, నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా. ఇప్పుడు ఇన్న" అంది హిమజ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చున్నీతో తుడుచుకుని యుగంధర్ వైపు చూసింది. "నాకిష్టమే. నవంబర్ల నీ బ్యాగు నేను మోస్త. భుజం నొప్పని మాత్రం చెప్పొద్దు."

తన నోట 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

విమలమ్మ భర్త మొహం చూసింది. ఆయన అప్పటికే మోకాళ్ల మీద వంగి సోఫా కింద బంతి కోసం చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. "ఈ పిల్లగాడు నెమలి బాకీ ఉన్నడు, యాదుంచుకో" అని కూతురితో అని, కాప్రా వాళ్లకు ఫోన్ చేసి చెప్పడానికి లోపలికి వెళ్లింది.

పురుషోత్తం బంతిని తెచ్చి, మళ్లీ గ్లాసుకు రెండడుగుల దూరంలో పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ సంతోషంలో పాత అలవాటు నాలుక మీదికి వచ్చేసింది.

"ఇగ అయిపోయింది కోచ్ సాబ్, ఎత్తుకో..."

"నాన్నా, జెర ఆగు" అంది హిమజ. వచ్చి యుగంధర్ పక్కన నిలబడింది. "ఆయన కొడ్తడు."

అతను కొట్టాడు. స్టీలు గ్లాసు ఠంగుమంది.