సింహం ముద్ర కింద మూడు చుక్కలు

తాడు పట్టుకుని కొండచరియ దిగుతూ కూడా బ్రహ్మలింగాచారి దొరల వెండి గురించే ఆలోచిస్తున్నాడు. పాత ఇంగ్లీషు వెండి మీది ముద్రలు చదవడంలో రాజమండ్రిలో అతణ్ణి మించినవాడు లేడు. ఆ మాట ఎక్కువగా చెప్పేది కూడా అతడే.

"ఎడం పక్కకి రండి ఆచారిగారూ, కుడేపు తేనెపట్లున్నాయి," అంది ముందు దిగిన కడబాల బాపనమ్మ.

దొరల కాలంలో ఆమె తాత గంగిరెడ్డి అడవి బంగళాలో పనివాడు. మెరుగుకు రాజమండ్రి కంసాలి దగ్గరికి పంపిన వెండి చెంచాలు తిరిగొచ్చేసరికి నకిలీవయ్యాయి. మార్చింది మోసుకొచ్చిన గంగిరెడ్డే అన్నారు. అతడు ఆ మూటతోనే ఈ చరియలోని గుహవైపు పారిపోయి మళ్లీ కనబడలేదు. అసలు వెండీ ఇక్కడే దాచాడని ఆచారి ఆశ. తాత దొంగో కాదో తేల్చుకోవాలని బాపనమ్మ పంతం. ఆమె తండ్రిని ఊళ్లో ఇప్పటికీ దొంగోడి కొడుకనే అంటారు.

"మీ తాత గట్టివాడే, దొరకే టోపీ పెట్టాడు," అని దారి పొడుగునా వేళాకోళం చేశాడు ఆచారి.

గుహలో బండసందున మనిషి ఎముకలు, పక్కనే తోలుసంచి. అందులో పన్నెండు చెంచాలు. ఆచారి భూతద్దం తీశాడు. నడిచే సింహం, ఊరి గుర్తు, ఏడాది అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు, అన్నీ ఉన్నాయి. అసలు వెండి మీద ఒక్కో ముద్రనూ విడిగా కొడతారు గనుక ఏ రెండూ ఒకేలా పడవు. ఇక్కడ పన్నెండు సింహాలకూ తోక ఒకేచోట తెగి ఉంది. అచ్చులో పోసిన దొంగసరుకు. ఆ సింహం కింద మూడు సన్నని చుక్కలు కూడా కనిపించాయి.

అవి కంసాలి అయిన ఆచారి తాత గుర్తు. ఆ ఇంట్లో తయారైన ప్రతి వస్తువు మీదా ఉంటాయి. మహానుభావుడు, దొంగపనిలో కూడా ఇంటి ఆచారం తప్పలేదు.

"ఏం తేలింది?" అని అడిగింది బాపనమ్మ.

ఆచారికి దొంగకు తేలు కుట్టినట్టయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు చాలనట్టు ఇంకో సిగ్గుమాలిన పని చేశాడు. సంచిని లోయలోకి విసిరాడు. అది తేనెపట్టుకు తగిలి గుహ అంచునే పడింది.

ఈగలు గుంపుగా లేచి మీద పడ్డాయి.

"బోర్లా పడుకో, కదలకు!" బాపనమ్మ తన దుప్పటి అతడి మీద కప్పేసింది. తాను కుట్లు తింటూనే పచ్చాకు పోగేసి పొగపెట్టింది. ఈగలు చెదిరాక తాత ఎముకలు కొంగున కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, ఆచారిని ముందుకు తోస్తూ పైకెక్కించింది. పైకొచ్చేసరికి ఆమె ముఖం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయింది. ఆచారి ఒంటి మీద ఒక్క కుట్టు లేదు.

"ఎందుకిసిరావు?"

"మీ తాత కాదమ్మా. మార్చింది మా తాత."

"నాకు కాదు. మా అయ్యకి చెప్పు, ఊరంతా ఇనేటట్టు."

ఊరందరి ముందూ నిలబడి ఆచారి తలవంచుకుని అంతా చెప్పాడు. బాపనమ్మ తండ్రి, ముసలి పండురెడ్డి, ఒక చెంచా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సన్నగా, పొడుగ్గా, కాలవలా ఉంది.

"ఇది దేనికి బాబూ?"

"ఎముకలోంచి మూలుగ తీసుకుని తినడానికి."

"రాతిమీద ఎముక కొడితే వచ్చేస్తది గదా," అన్నాడు ముసలాయన. "దీనికోసమా మా అయ్యని అడివిపాలు జేసింది?"