పసుపంటిన తెల్ల బ్యాగు

బంగాళాఖాతంలో ఈదాల్సిన తాబేలు హైదరాబాద్ నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద అరవై స్పీడులో పోతోంది.

"మన తాబేలు క్యాబెక్కింది, మధూ," అన్నాడు చీఫ్ సోమేశ్వరరావు, శాటిలైట్ మ్యాప్‌లో చుక్కను చూపిస్తూ. అంతలోనే చుక్క ఆరిపోయింది.

ఏజెంట్ మధుసూదన్‌కు నవ్వు రాలేదు. ఆ చుక్క అతని ఊరి తీరానిది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేళ్ల డిప్పలకు సిగ్నల్ పంపే ట్యాగులు అతికించి, జాలర్లూ ఊరి ఫ్యాక్టరీవాళ్లూ కలిసి కాపాడుకుంటున్న అభయారణ్యం అది.

"విదేశీ షిప్పింగ్ ముఠా ట్యాగులన్నీ ఊడబెరికి, సిగ్నల్ బయటికి రాని సంచిలో దాచింది. దారిలో సంచి ఎవరో తెరిచినట్టున్నారు. ఈ మధ్యాహ్నమే హైటెక్ సిటీలో నిపుణుల కమిటీ. మ్యాప్ ఖాళీగా ఉంటే తాబేళ్లే లేవని సంతకం పెడతారు. అక్కడ ముఠా ఓడలకు జెట్టీ వస్తుంది."

"మా ఊరు పోతుంది."

"అక్కడ మన మనిషి అశ్విని ఉంది. ఫ్యాక్టరీ తరఫున కమిటీ పనులు చూస్తుంది. కోడ్ తెలుసుగా?"

ఫుడ్ డెలివరీ వేషం. హెల్మెట్‌లో కెమెరా, మీసంలో మైక్. ఏజెన్సీ అన్నీ ఆలోచించింది, ఒక్కటి తప్ప.

"అన్నా, గిది సార్లెక్కే లిఫ్ట్," అన్నాడు టవర్ గార్డు యాదయ్య. "నువ్వు సర్వీస్ లిఫ్ట్‌ల పో."

"అర్జెంటన్నా."

"అందరిదీ అర్జెంటే. జర ఆగు."

నత్తకు తమ్ముడిలాంటి ఆ లిఫ్ట్ పైకి చేరేసరికి మీటింగ్ ముగింపుకొచ్చింది. గది బయట అశ్విని నిలబడి ఉంది. ఆమె నవ్వుకు రెండు దేశాలు జీతమిస్తున్నాయి. రెండో దేశం సంగతి ఏజెన్సీకి తెలియదు.

"చేపల పులుసు తెచ్చారా?"

"చింతపండు దొరకలేదండి."

కోడ్ కలిసింది. ఆమె ఒక డబ్బా అందించింది. "ట్యాగులు. కమిటీ ముందు పెట్టండి. నా పేరు మాత్రం చెప్పకండి."

మధు మూత తీశాడు. ట్యాగులు తళతళలాడుతున్నాయి. అతని ఊళ్లో ఒడ్డెక్కిన తాబేలుకు ఆడవాళ్లు డిప్పనిండా పసుపు పూసి దండం పెడతారు. ట్యాగునూ వదలరు. వీటికి పసుపు మరకే లేదు. నకిలీవి. ఇవి కమిటీ బల్లమీద పెడితే, లేని తాబేళ్లకు దొంగ ట్యాగులు చేశారని ఊరంతా దొంగలవుతారు.

తలెత్తాడు. ఆమె తెల్ల హ్యాండ్‌బ్యాగు జిప్పు చుట్టూ పచ్చగా ఉంది.

"ఇంట్లో నోమేమైనా ఉందా అండీ? బ్యాగుకు పసుపంటింది."

నవ్వు మాయమైంది. లిప్‌స్టిక్ పిస్తోలు పైకి లేచింది. దానికంటే ముందు వేడి బిర్యానీ పార్సిల్ ఆమె చేతిమీద పడింది. బ్యాగు లాక్కుని మధు లోపలికి దూకాడు. చైర్మన్ పెన్ను కాగితాన్ని తాకుతోంది. అద్దాల గోడ పక్కన, సిగ్నల్ ఆపుతున్న ఆ బ్యాగు జిప్పు లాగాడు.

కమిటీ తెరమీది మ్యాప్‌లో చుక్కలు వెలిగాయి. తాబేళ్లన్నీ హైటెక్ సిటీలో, అదే గదిలో.

"వీటినెవరు పిలిచారయ్యా మీటింగుకు?" అంటూ చైర్మన్ పెన్ను మూత పెట్టాడు.

జెట్టీ ఆగింది. ట్యాగులు మళ్లీ డిప్పలెక్కాయి. మధుకు మెడల్ వచ్చిన రోజే అమ్మ ఫోనూ వచ్చింది.

"ఒరే, తీరమంతా కంచె వేశార్రా. తాబేళ్లకు ఇంకా గట్టి కాపలా అంట. పడవలు తీసేసి ఊరు ఖాళీ చెయ్యమన్నారు."

"ఎక్కడికెళ్తారమ్మా?"

"నువ్వే కనిపెట్టుకో. గూఢచారివి కదా."

మ్యాప్‌లో తాబేళ్ల చుక్కలన్నీ క్షేమంగా మెరుస్తున్నాయి. ఊరి జనం వీపులకు ట్యాగులు అతికించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.