ఎడమ పక్క కారు

“ఆవిడ కుడి పక్కకి వెళ్ళిందంటే నువ్వే ఆపాలి. ఎలాగైనా.”

‘ఎలాగైనా’ అంటూ పెద్దాయన బల్ల మీద ఒక పనిముట్టు పెట్టాడు. మట్టి గీకే బ్లేడు. పిడిలో విషపు సూది.

డిపార్ట్‌మెంట్‌లో ‘తాబేలు’ అని పిలిచే ఆ ఏజెంట్ దాన్ని ముట్టుకోలేదు. ‘ఆవిడ’ కోడ్‌నేమ్ మైనా. విదేశీ ముఠాలో చేరిన డబుల్ ఏజెంట్. మూడేళ్ళ కిందటి వరకూ అతని భార్య. ముఠా నమ్మాలని విడాకులు కూడా డిపార్ట్‌మెంటే ఇప్పించింది.

“మైనా మన మనిషే కదా సార్?”

“అనే అనుకుంటున్నాం. వాళ్ళూ వాళ్ళ మనిషే అనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు వెర్రివెంగళప్పలు. అది మనం కాకుండా చూడు.”

మర్నాడు తాబేలు నెరిసిన మీసం అంటించుకుని, ఆ బ్లేడు జేబులో వేసుకుని, కార్ల డిజైన్ స్టూడియోలో మట్టి మేస్త్రీ అవతారమెత్తాడు. హాలు మధ్యలో కొత్త సూపర్‌కార్ నమూనా, అసలు సైజులో, గోధుమరంగు మట్టితో. కంప్యూటర్లు ఎన్నున్నా చివరికి కారు ఒంపు తేల్చేది అరచెయ్యే. ఇలాంటి చోట్ల ఒక పద్ధతుంది. ఒకే నమూనాకి ఎడమ పక్క ఒక డిజైన్, కుడి పక్క మరొకటి చేసి పోల్చుకుంటారు. ఎడమది చూపులకి అప్సరసే గానీ, విండ్ టన్నెల్లో గాలి వేగం పెంచగానే ముక్కు గాల్లోకి లేచింది. దాన్ని పక్కన పడేశారు. కుడిదే అసలు కారు. ఎంత వేగంలోనైనా జలగలా రోడ్డుని పట్టుకుని ఉంటుంది.

మైనా ఎడమ పక్క మాత్రమే దొంగిలించాలి. ముఠా ఎగిరిపోయే కారు తయారుచేసుకోవాలి. ప్లాన్ అంతే.

ఆమె వచ్చింది. ఎర్ర కోటు, ఎత్తు మడమల చెప్పులు, కోటు మీద బ్రూచ్. ఆ బ్రూచ్‌లోనే స్కానర్. పక్కన పెట్టుబడిదారుడి వేషంలో ముఠా మనిషి, బట్టతల.

“కాస్త తప్పుకోండి మేస్త్రీ.”

ఒకప్పుడు ‘ఏవండీ, గ్యాస్ కట్టేశారా?’ అని అడిగిన గొంతే. తాబేలు తప్పుకున్నాడు. పొయ్యి మీంచి తెచ్చిన వేడి మట్టిని కుడి పక్క తలుపు వెనక గాలి ద్వారం అంచుకి బ్లేడుతో రాయడం మొదలుపెట్టాడు.

ఆమె ఎడమ పక్కంతా మెల్లగా నడిచింది. బ్రూచ్ తన పని తాను చేసింది.

“అటు పక్క?” బట్టతల గొణిగాడు.

“రెండు పక్కలూ ఒకటేగా. అద్దంలోలా తిప్పుకుంటే సరి.”

“మా ఆవిడ కూడా ఒక పక్కనుంచే బావుంటుంది. అటు కూడా కానియ్.”

ఆమె కదిలింది. తాబేలు చెవిలో పెద్దాయన గొంతు: “ఆపు. ఇప్పుడే.”

పిడి మీద బొటనవేలు బిగిసింది. నొక్కలేడు. నొక్కకుండా ఉండలేడు. వద్దని కళ్ళతో చెబుదామంటే బట్టతల అతని మొహంలోకే చూస్తున్నాడు. ఆమె మలుపు తిరిగింది. బ్రూచ్ కుడి పక్కకి తిరగబోయింది.

మడమ మెలికపడింది. ఆమె మోచేయి అతను రాసిన మెత్తటి మట్టిలోకి దిగబడిపోయింది.

తాబేలుకి ప్రాణం లేచొచ్చింది. కానీ మేస్త్రీ అన్నవాడు అనాల్సిన మాట ఒక్కటే.

“కళ్ళు నెత్తికెక్కాయా! నెలల కష్టం నాశనం చేశావు కదమ్మా! నడు బయటికి! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!”

సెక్యూరిటీ పరుగెత్తుకొచ్చింది. ఇద్దర్నీ తలుపు దాకా తరిమింది. “దొరికింది చాల్లే, పద,” అన్నాడు బట్టతల.

“తొక్కను లెండి,” అంది ఆమె, వెనక్కి చూడకుండా.

తాబేలు పిడి మీంచి బొటనవేలు తీశాడు.

కొన్నాళ్ళకి ముఠా కారు తొలి ప్రదర్శనలోనే, కొనేవాళ్ళందరి ముందూ, ముక్కెత్తి పల్టీ కొట్టింది. డ్రైవర్ బతికాడు. ముఠా బతకలేదు.

“భేష్!” అన్నాడు పెద్దాయన.

“మైనా?”

“కబురు లేదు.”

“నేను వెళ్ళి వెతకనా సార్?”

“ఎక్కడని వెతుకుతావయ్యా?”

తాబేలు మళ్ళీ మీసం అంటించుకున్నాడు. స్టూడియోకి వెళ్ళి ఇన్నాళ్ళూ చెయ్యి రాక వదిలేసిన ఆమె మోచేతి గుంట పూడ్చబోతే విండ్ టన్నెల్ ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. “ఆగండి మేస్త్రీ! ఆ గుంటతో గాలి ఇంకా నున్నగా పోతోంది. రెండో పక్క కూడా పెట్టండి!”

ఇప్పుడా కారు రోడ్ల మీద తిరుగుతోంది. ఎక్కడైనా ఆగి కనబడితే తాబేలు దగ్గరికెళ్ళి, తలుపు వెనక గుంటలో అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడతాడు.

“ముట్టుకోకయ్యా, చాలా ఖరీదైంది!” అని కసురుతారు ఓనర్లు.

అతను తలూపి తప్పుకుంటాడు. ఖరీదు ఎంతో వాళ్ళకేం తెలుసు!